గురి తప్పింది చెయ్యి కాదు... కళ్ళజోడు!

"పెద్దమ్మా, నేనింక రైఫిల్ ముట్టుకోను. అమ్మకి నువ్వే చెప్పు."

రాత్రి పదింటికి హాస్టల్ నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి అన్న మాట ఇది. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి, క్యాంపులో మొదటిసారి .22 రైఫిల్ పట్టుకున్న పిల్ల. అది రుచి మరిగి, ఇంట్లో అందర్నీ ఒప్పించి, హైదరాబాద్‌లో డిగ్రీ చదువుకుంటూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. అరవై గుళ్ళకి ఆరొందలు దాటే స్కోరు ఆరు నెలల్లో 585కి దిగిపోయింది. "పోటీ అంటే భయపడుతున్నావు, మనసు నిలపాలి" అన్నారట కోచ్. "చదువు మీద దృష్టి పెట్టమను" అన్నాడు వాళ్ళ నాన్న. ఇక మా చెల్లెలి బాధ వేరు. "అసలే కళ్ళజోడు వచ్చింది, పైగా తుపాకీ! రేపు సంబంధాలు చూడొద్దూ?" అని.

కళ్ళజోడు... అసలు కథంతా అక్కడే ఉందని అప్పటికి మాకెవరికీ తెలీదు.

ఆ ఆదివారం నేనూ రేంజికి వెళ్ళాను. ఇది గురి చూస్తుంటే పక్క వరసలో సాధన చేస్తున్న ఒక సీనియర్ అమ్మాయి కాసేపు చూసి అంది. "నువ్వు అద్దంలోంచి చూడట్లేదు. అద్దం మూలలోంచి చూస్తున్నావు."

ఆ ఒక్క మాటతో మొదలైంది మా వెతుకులాట. కంటి పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టునీ, కళ్ళజోళ్ళ షాపునీ, రేంజిలో అనుభవం ఉన్నవాళ్ళనీ అడిగి తెలుసుకున్న సంగతులు ఇవి. మీ ఇంట్లోనూ కళ్ళజోడు పెట్టుకుని రైఫిల్ పట్టే అమ్మాయి ఉంటే తప్పక చదవండి. రేపు మీరే పట్టాలనుకుంటున్నా సరే!

రెండు 'సైట్ల' తంటా

చూపు తగ్గితే మనం 'సైట్ వచ్చింది' అంటాం. రైఫిల్‌కీ సైట్లుంటాయి, రెండు. కంటి దగ్గరగా ఉండేది వెనక సైటు. ఇది ఒక చిన్న రంధ్రం, మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గొట్టం చివర ఉండేది ముందు సైటు. అందులో ఒక రింగు ఉంటుంది. వెనక రంధ్రంలోంచి చూస్తే, ముందు రింగు మధ్యలో లక్ష్యంలోని నల్ల గుండ్రం సరిగ్గా ఇమిడి కనిపించాలి. రంధ్రంలో రింగు, రింగులో నలుపు... అన్నీ ఒకదాంట్లో ఒకటి, మన పెళ్ళిపీటల ముందు వేసే ముగ్గులో సున్నాల్లాగా.

ఆ నలుపు ఎంతుంటుందో తెలుసా? పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో 30.5 మిల్లీమీటర్లు. దాని నడుమ పదికి పది వచ్చే చుక్క అర మిల్లీమీటరు. అంటే గసగసాల గింజకన్నా చిన్నది! ఆ చుక్కని షూటరు విడిగా చూడలేదు. రింగు, నలుపు ఒకే కేంద్రంలో ఉన్నాయని చూసుకుని ట్రిగ్గర్ నొక్కుతుంది, అంతే.

ఇక్కడే చిక్కుంది. మన కన్ను ఒకసారి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. వెనక రంధ్రం కంటికి జానెడు దూరం కూడా ఉండదు. ముందు రింగు రమారమి మీటరు దూరంలో ఉంటుంది. లక్ష్యమేమో పది మీటర్లు, లేదా యాభై మీటర్లు. మూడూ ఒక్కసారే స్పష్టంగా కనిపించమంటే ఏ కంటివల్లా కాదు.

మరి దేన్ని స్పష్టంగా చూడాలి? ద్రోణుడు అడిగితే అర్జునుడు పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనిపించట్లేదన్నాడని చిన్నప్పటినుంచీ చెప్పుకుంటున్నాం కదా. రైఫిల్ షూటర్ సంగతి తిరకాసు. ఆమెకి నిక్కచ్చిగా కనిపించాల్సింది పక్షి కన్ను కాదు, ముందు సైటులోని రింగు! లక్ష్యం అంచులు కాస్త మసకబారినా ఫరవాలేదు, గుండ్రంగా కనిపిస్తే చాలు. అయితే వెనక సైటు రంధ్రం చిన్నది కావడం మనకి వరం. సన్నని రంధ్రంలోంచి చూస్తే దగ్గరవీ దూరంవీ కాస్త కాస్త తేటపడతాయి. కళ్ళజోడు మరిచిపోయినప్పుడు వేళ్ళు మడిచి సందులోంచి చూస్తే బస్సు బోర్డు చదవగలుగుతాం చూడండి, అదే సూత్రం.

మా పిల్ల విషయంలో ఈ వరమే శాపమైంది. మొదట్లో దాని నంబరు మైనస్ 0.75 మాత్రమే. జోడు లేకుండానే ఆ రంధ్రంలోంచి నెట్టుకొచ్చింది. చూపు తగ్గుతోందన్న సంగతే తెలియలేదు. నంబరు మైనస్ 2.25కి చేరాక రంధ్రం కూడా ఆదుకోలేకపోయింది. అప్పుడు జోడు పెట్టింది. స్కోరు ఇంకా పడింది!

మామూలు జోడు ఎందుకు పనికిరాదు?

మీరే ఒకసారి చేసి చూడండి. భుజానికి చీపురుకర్రని రైఫిల్‌లా ఆనించి, చెంప దానికి తగిలేలా తల కాస్త ముందుకి వంచి, కర్ర వెంబడి చూడండి. మీ చూపు కళ్ళద్దంలో ఎక్కడినుంచి వెళ్తోంది? పైన, ముక్కు వైపు మూలనుంచి. అవునా?

మామూలు కళ్ళజోడు తయారుచేసేటప్పుడు లెన్సు నడిబొడ్డు మన కంటిపాపకి ఎదురుగా ఉండేలా అమరుస్తారు. తిన్నగా నిలబడి తిన్నగా చూసేవాళ్ళకి అది సరిపోతుంది. షూటర్ చూసేది అంచులోంచి. పైగా లెన్సు చూపుకి అడ్డంగా కాక వాలుగా ఉంటుంది. అంచుకి జరిగేకొద్దీ, వాలేకొద్దీ బొమ్మ జరుగుతుంది, గీతలు సాగుతాయి, గుండ్రం కాస్తా కోలగా కనిపిస్తుంది. నంబరు ఎక్కువైనకొద్దీ ఈ దోషమూ ఎక్కువే. తల ఒక్కో గుండుకి ఒక్కోలా వాలితే, ఒక్కోసారి ఒక్కో కళ్ళజోడులోంచి చూసినట్టే లెక్క. ఇక గుళ్ళు ఒకచోట పడమంటే ఎలా పడతాయి?

ఇవి చాలవన్నట్టు ఫ్రేము పైకమ్మీ చూపుకి అడ్డం వస్తుంది. చెమటకి జోడు జారుతుంది. మందపాటి షూటింగ్ జాకెట్ వేసుకున్నాక చెమట పట్టడం మాట అడగాలా? బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలైతే మరీ ఇబ్బంది. తల కొంచెం కదిలితే నంబరే మారిపోతుంది.

మా పిల్ల కొనుక్కున్నది ఫ్యాషన్‌గా ఉండే వెడల్పాటి ఫ్రేము. ముఖానికి బాగా నప్పింది. రైఫిల్‌కే నప్పలేదు!

జోడు కాదు... ఒంటి అద్దం

జోడు అంటేనే రెండు. షూటర్లకి దొరికే ప్రత్యేకమైన ఫ్రేములో మాత్రం ఒక్క లెన్సే ఉంటుంది, గురి చూసే కంటికి. సన్నని తీగలాంటి ఫ్రేము, దానికి వేలాడే ఒక గుండ్రటి లెన్సు. ఆ లెన్సుని పైకీ కిందికీ, పక్కలకీ జరపొచ్చు. కోణం తిప్పొచ్చు. ముక్కు దగ్గర ఆనేదాన్నీ సర్దుకోవచ్చు. జర్మనీకి చెందిన నోబ్లాక్, స్విట్జర్లాండ్‌కి చెందిన ఛాంపియన్, వర్గా వంటి పేర్లు షూటర్ల నోట వినిపిస్తుంటాయి. లెన్సు 23 మిల్లీమీటర్లదీ ఉంది, 37 మిల్లీమీటర్లదీ ఉంది. చిన్నది తేలిక. పెద్దదానిలో చూపు కాస్త జరిగినా ఇబ్బంది ఉండదు కనక కొత్తవాళ్ళకి సుళువు.

అమర్చుకోవడంలో గుర్తుంచుకోవాల్సినవి రెండే. రైఫిల్ భుజాన పెట్టి, తల ఆనించి, గురి చూస్తున్నప్పుడు చూపు లెన్సు నడిమధ్యనుంచి వెళ్ళాలి. లెన్సు చూపుకి సరిగ్గా అడ్డంగా, పలకలా నిలవాలి. ఇది అద్దం ముందు కూర్చుని ఒంటరిగా చేసుకునే పని కాదు. మీరు గురి చూస్తుంటే ఎదుటి పక్కనుంచి ఇంకొకరు చూసి సర్దాలి (రైఫిల్ ఖాళీగా ఉందని రూఢి చేసుకున్నాకే సుమా!). రెప్ప వెంట్రుకలు లెన్సుకి తగలకూడదు. తగిలితే రెప్ప కొట్టినప్పుడల్లా మరక.

యాభై మీటర్ల మూడు భంగిమల పోటీలో మోకాలిమీద, బోర్లా పడుకుని, నిలబడి కాల్చాలి. ఒక్కో భంగిమలో తల ఒక్కోలా వాలుతుంది. కాబట్టి లెన్సు స్థానమూ మారుతుంది. ప్రతి భంగిమకీ కొలత రాసిపెట్టుకుంటే పోటీనాడు తడుముకోనక్కర్లేదు.

ఈ ఫ్రేములు విదేశాలవి, ధర వేలల్లోనే ఉంటుంది. మొదటి ఏడాదే కొనాలనేం లేదు. పైకమ్మీ చూపుకి అడ్డురాని పెద్ద గుండ్రటి మామూలు ఫ్రేము తీసుకుని, లెన్సు కేంద్రాన్ని పైకీ ముక్కు వైపుకీ జరిపి బిగించమని ఆప్టీషియన్‌కి చెప్పండి. గురి చూసే భంగిమలో నిలబడి, అద్దంమీద కంటిపాప ఎదుట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టించుకుంటే సరి. ఇది గురికి మాత్రమే. రోడ్డుమీదా, క్లాసులోనూ మీ మామూలు జోడే వాడాలి.

నంబరు ఎలా తేల్చుకోవాలి?

ముందు అసలు నంబరు సరిగ్గా ఉండాలి. ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి. సిలిండర్, అంటే అడ్డనిలువుల్లో చూపు తేడా, కొంచెమే ఉన్నా వదిలేయొద్దు. రింగు కోలగా కనిపిస్తే మొదటి అనుమానితుడు అదే. పరీక్షలో అక్షరాలు నల్లగా, చిన్నగా 'భలే' కనిపిస్తున్నాయని అవసరానికి మించి మైనస్ తీసుకోవద్దు. కన్ను అస్తమానం బిగపట్టుకుని పనిచేయాల్సి వస్తుంది. అరవై గుళ్ళు కాల్చేసరికి అలసిపోతుంది. మధుమేహం ఉన్నవాళ్ళు షుగర్ అదుపులో ఉన్నప్పుడే పరీక్ష చేయించుకోవాలి. షుగర్ హెచ్చుతగ్గులతో నంబరూ మారుతుంది.

ఇక షూటింగ్ నంబరు. ఇది దూరపు చూపు నంబరుకి కొంచెం ప్లస్ కలిపితే వస్తుంది. సాధారణంగా రైఫిల్‌కి ప్లస్ 0.50 దగ్గర మొదలుపెడతారు. ఎందుకంటే... ప్లస్ 0.50తో కన్ను ఏ శ్రమా లేకుండా రెండు మీటర్ల దూరాన్ని చూస్తుంది. మీటరు దూరంలోని రింగూ, ఎక్కడో ఉన్న లక్ష్యమూ, రెండూ ఆ చిన్న రంధ్రంలోంచి చూస్తే సరిపడినంత తేటగా ఉంటాయి. రెండు పక్షాలకీ మధ్యవర్తిలాంటి దూరం అన్నమాట.

లెక్క సులభమే. దూరపు నంబరు మైనస్ 2.00 అయితే, షూటింగ్‌కి మైనస్ 1.50. ప్లస్ 1.00 అయితే, ప్లస్ 1.50. సిలిండర్ ఎంతుందో అంతే ఉంచాలి. దూరపు చూపుకి నంబరే లేనివాళ్ళకి కూడా, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళకి, ఒట్టి ప్లస్ 0.50 లెన్సు మేలు చేయొచ్చు.

అయితే ఇది మొదలుపెట్టే అంకె మాత్రమే. ఇరవై ఏళ్ళ కంటికి దగ్గరకి సర్దుకునే శక్తి పుష్కలంగా ఉంటుంది. కొందరికి 0.25 చాలు, కొందరికి ఏమీ అక్కర్లేదు. మా పిల్లకి చివరికి తేలింది మైనస్ 2.00, అంటే పావు తేడా.

తేల్చుకోవాల్సింది పరీక్ష గదిలో కాదు, రేంజిలో. కంటి నుంచి ముందు సైటు దాకా టేపుతో కొలిచి, ఆ కొలత రాసుకుని ఆప్టోమెట్రిస్టు దగ్గరికి వెళ్ళండి. చెప్పకుండా రైఫిల్ పట్టుకుని షాపులోకి వెళ్తే కంగారు పడతారు! వీలైతే పరీక్షకి వాడే లెన్సులు రెండు మూడు రేంజికే తెప్పించుకుని, పోటీలో ఉండే వెలుతురులోనే చూడండి. లక్ష్యం చక్కగా ఉండి రింగు మసకగా ఉంటే ఇంకొంచెం ప్లస్ కావాలి. రింగు కత్తిలా ఉండి లక్ష్యం మరీ అలుక్కుపోతే ప్లస్ ఎక్కువైంది. రింగు నల్లగా నిలకడగా ఉండి, లక్ష్యం అంచులు కాస్త మెత్తగా ఉన్నా గుండ్రంగా కనిపిస్తే... అదే మీ నంబరు.

రెండో కన్ను మూసుకోవద్దు

సినిమాల్లో తుపాకీ పట్టిన హీరో ఒక కన్ను గట్టిగా మూస్తాడు. మీరు అలా చేయకండి. ఒక కన్ను బిగించి మూస్తే ముఖమంతా బిగుసుకుంటుంది. గురి చూసే కన్నూ ఇబ్బంది పడుతుంది. రెండు కళ్ళూ తెరిచే ఉంచి, గురి చూడని కంటి ముందు చిన్న అడ్డు పెట్టుకోవాలి. అది నల్లటిది వద్దు, పాలరంగుదో తెల్లటిదో కావాలి. నల్లది పెడితే ఆ కంటికి చీకటి. రెండు కంటిపాపలూ కలిసే పనిచేస్తాయి కనక రెండో పాప కూడా విప్పారుతుంది. వెలుతురు పోకుండా, దృశ్యం మాత్రం కనిపించకుండా ఉంటే చాలు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూత కత్తిరించినా పనికొస్తుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కంటి ముందు పెట్టే ఈ అడ్డు వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకూడదు.

అసలు మీ గురి కన్ను ఏదో తెలుసా? రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడమీద గడియారాన్ని చూడండి. ఒక్కో కన్నూ మూసి చూస్తే, ఏ కంటికి గడియారం అలాగే నిలిచి ఉంటుందో అదే మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైనదైతే మొదట్లోనే కోచ్‌తో చెప్పండి.

మీ సందేహాలు

కాంటాక్ట్ లెన్సులు మంచివి కావా?

కొందరికి చాలా బాగా కుదురుతాయి. కంటితోపాటే కదులుతాయి కనక 'మూల' సమస్యే ఉండదు. కాకపోతే గురి చూసేటప్పుడు రెప్పలు తక్కువ కొడతాం. ఫ్యాను గాలికో ఏసీకో లెన్సు ఆరిపోయి చూపు మసకేస్తుంది. సిలిండర్ కోసం వేసే లెన్సు కంట్లో తిరిగితే రింగూ తిరిగినట్టే. పోటీకి ముందురోజు కాదు, నెలల ముందే అలవాటు చేసుకోండి.

కాటుక, మస్కారా పెట్టుకోవచ్చా?

రేంజికి వెళ్ళే రోజు మానితే మేలు. కాటుక రేణువులు కాంటాక్ట్ లెన్సు కిందికి చేరితే మంట. మస్కారా లెన్సుకి అంటితే మరక.

రంగుటద్దాలు?

ఎండగా ఉన్నచోట మిరుమిట్లు తగ్గడానికి లేతరంగు ఫిల్టరు ఉపయోగమే. లోపలి రేంజిలో వెలుతురు అంతంతమాత్రం. అక్కడ ముదురు రంగు వద్దు.

ఆపరేషన్ చేయించుకుంటే పోదా?

లేజర్ ఆపరేషన్‌కి పద్ధెనిమిదేళ్ళు నిండి, నంబరు నిలకడగా ఉండాలి. కొందరికి ఆ తర్వాత కళ్ళు పొడిబారడం, దీపాల చుట్టూ వలయాలు కనిపించడం ఉంటాయి. ఆట కోసమే అని తొందరపడక, మీరు షూటర్ అని చెప్పి కంటి డాక్టరుతో నిదానంగా మాట్లాడండి.

ఒంటి అద్దం కంటికి రక్షణ ఇస్తుందా?

పూర్తిగా ఇవ్వదు. పెల్లెట్ ముక్కలు ఎగిరిపడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పగలని పాలీకార్బొనేట్ లెన్సు అడగండి. కాల్చనప్పుడు కూడా రేంజిలో కళ్ళకి రక్షణ ఉండాలి.

కొనేముందు ఒక్కసారి...

* కంటి పరీక్ష చీటీ ఆరు నెలలకి మించి పాతదైతే మళ్ళీ చేయించుకోండి.
* కన్ను నుంచి ముందు సైటుకి దూరం కొలిచి రాసుకోండి.
* జాకెట్ వేసుకుని, రైఫిల్ ఆనించి చూశాకే ఫ్రేము ఖాయం చేయండి.
* మెరుపు తగ్గించే పూత ఉన్న లెన్సు అడగండి.
* తుడవడానికి మెత్తటి గుడ్డ వాడండి. చీరచెంగు, చున్నీ వద్దు, గీతలు పడతాయి.
* కొత్త లెన్సుతో పోటీకి వెళ్ళేముందు కనీసం కొన్ని వారాలు సాధన చేయండి.

ఆడపిల్లకి తుపాకీ ఏమిటి అనేవాళ్ళకి...

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మగవాళ్ళతో కలిసి పోటీ చేసి, మూడు భంగిమల రైఫిల్‌లో మొదటి స్థానంతో సమాన స్కోరు సాధించింది అమెరికా షూటర్ మార్గరెట్ మర్డాక్. నిబంధనలవల్ల రజతంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్వర్ణం అందుకున్న లానీ బాషమ్ ఆమెని కూడా తన మెట్టుమీదికి పిలిచి నిలబెట్టుకున్నాడు. ఆడవాళ్ళకి విడిగా షూటింగ్ పోటీలు 1984 లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చాయి. మన అంజలీ భగవత్ 2000 సిడ్నీలో ఎయిర్ రైఫిల్ ఫైనల్‌కి చేరింది. చక్రాల కుర్చీలో కూర్చుని అవనీ లేఖరా 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లోనూ, 2024 పారిస్‌లోనూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణాలు గెలిచింది. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ అరవై దాటాక, 1999లో పిస్తోలు పట్టింది. 'కళ్ళు కనిపించే వయసా ఇది?' అన్నవాళ్ళకి ఆమె పతకాలే జవాబు చెప్పాయి.

మా పిల్ల సంగతంటారా? రెండు నెలల తర్వాత జరిగిన పోటీలో పతకమేం రాలేదు. కానీ స్కోరు మళ్ళీ ఆరొందలు దాటింది. "పెద్దమ్మా, అన్నాళ్ళూ నాదే తప్పనుకున్నాను. నాకు ధైర్యం లేదేమో అనుకున్నాను" అంది ఫోన్‌లో. గొంతు కాస్త జీరపోయింది. ఒక గాజుముక్క సరైన చోట లేనందుకు ఒక పిల్ల తనని తానే తక్కువ చేసుకుంది. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఒంటి అద్దం ఫోటో చూసి మా చెల్లెలు పడిపడి నవ్వింది. తర్వాత మెల్లిగా అడిగింది. "అక్కా, నాకూ సూదిలో దారం ఎక్కించడం కుదరట్లేదే. ఆ పరీక్షేదో నేనూ చేయించుకోనా?"

నలభై ఆరేళ్ళు దానికి. కళ్ళజోడు పెట్టుకుంటే పెద్దదానిలా కనిపిస్తానని ఇన్నాళ్ళూ దాచిపెట్టింది. మర్నాడే వెళ్ళొచ్చింది. మరి మీరెప్పుడు వెళ్తున్నారు?